చక్కెర మానడమా, కడుపు నిండా తినడమా: కీమో రోజుల్లో ఏది మేలు?

ఇంట్లో ఒకరికి క్యాన్సర్ అని తేలిన వారంలోపే అందరూ నన్ను అడిగేది ఇదే: చక్కెర పూర్తిగా మాన్పించాలా, అన్నం, రొట్టెల్లాంటివి బాగా తగ్గించి కొవ్వు ఎక్కువగా తినే కీటో పథ్యం మొదలుపెట్టాలా, మామూలుగానే తిననిచ్చి పైన విటమిన్ మాత్రలు వేయాలా? ఆ టెన్షన్‌లో చుట్టూ ఉన్నవాళ్లు తలా ఒక పథ్యం చెప్తారు. చికిత్స నడుస్తున్నన్నాళ్లూ నేను మాత్రం ముందు చూడమనేది బరువు. ఏ తిండి కండను నిలబెడుతుందో అదే మేలు.

చక్కెర భయం ఊరికే పుట్టలేదు. క్యాన్సర్ కణాలు గ్లూకోజ్‌ను విపరీతంగా లాక్కుంటాయని జర్మన్ శాస్త్రవేత్త ఓటో వార్‌బర్గ్ 1920ల్లోనే గమనించారు, ఒంట్లో క్యాన్సర్ ఎక్కడుందో చూపే పెట్ స్కాన్ పనిచేసేది కూడా ఆ లక్షణం ఆధారంగానే. కానీ మనం తినకపోయినా కాలేయం గ్లూకోజ్ తయారుచేస్తూనే ఉంటుంది, అవసరమైతే కండలోని ప్రొటీన్‌ను కరిగించి మరీ. కణితికి అందాల్సింది అందుతుంది, మనిషి చిక్కిపోతాడు. కీటో మీద పరిశోధనలు నడుస్తున్నాయి గానీ అవి చిన్నవి, దానివల్ల ఆయుష్షు పెరుగుతుందని ఇంకా తేలలేదు. తీపి తగ్గించుకుంటే తప్పులేదు, షుగర్ ఉన్నవాళ్లు, స్టెరాయిడ్లతో షుగర్ పెరిగినవాళ్లు తగ్గించుకోవాల్సిందే.

ఇక మామూలు తిండి. యూరప్ పోషకాహార నిపుణుల సంఘం ఎస్పెన్ చెప్పే లెక్క కిలో బరువుకు రోజుకు 25-30 కేలరీలు, 1 గ్రాముకు పైగా ప్రొటీన్, వీలైతే 1.5 దాకా. అంటే 60 కిలోల మనిషికి 60 నుంచి 90 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములు, గ్లాసు పాలలో 8. మరి రోజంతా పళ్లరసాల మీద ఉంచిన మనిషికి ఏం అందుతుందో మీరే లెక్కేయండి. ఆరు నెలల్లో ప్రయత్నించకుండానే 5 శాతానికి మించి, అంటే ఈ 60 కిలోల మనిషి 3 కిలోలకు మించి తగ్గితే డాక్టర్లు దాన్ని సీరియస్‌గా తీసుకుంటారు, ఎందుకంటే కండ తగ్గినవాళ్లను కీమో ఎక్కువ బాధపెడుతుంది, డోసు తగ్గించాల్సి రావచ్చు, వాయిదా వేయాల్సీ రావచ్చు. (రొమ్ము క్యాన్సర్ చికిత్సలో చాలామంది బరువు పెరుగుతారు, వాళ్ల లెక్క వేరు.)

మాత్రల విషయంలో నాకు భయమే ఎక్కువ. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లకు బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎగా మారేది) మాత్రలు ఇచ్చి చూస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది, ఆ ఫలితం 1994లోనే వచ్చింది. మూలికల మందు సెయింట్ జాన్స్ వోర్ట్ ఇరినోటెకాన్ అనే కీమో మందు బలాన్ని తగ్గించేస్తుంది. గ్రీన్ టీ సారం మాత్రలు బోర్టెజోమిబ్ అనే క్యాన్సర్ మందును అడ్డుకుంటాయని ల్యాబ్ ప్రయోగాల్లో కనిపించింది. రక్తపరీక్షలో విటమిన్ డి, బి12 లాంటివి తక్కువని తేలితే డాక్టర్ రాసిన డోసులో వాడండి. మిగతావాటి డబ్బాలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లి కీమోకి ముందే ఆంకాలజిస్టుకు (క్యాన్సర్ డాక్టర్‌కు) చూపించండి.

ఆల్కలైన్ (క్షార గుణం ఉన్న) నీళ్లు తాగితే రక్తం కూడా అలాగే మారుతుందంటారు కానీ మారదు, రక్తంలో ఆమ్ల, క్షారాల సమతూకాన్ని ఊపిరితిత్తులూ మూత్రపిండాలూ చూసుకుంటాయి. క్యాన్సర్‌కు మందని కొందరు చెప్పే ఆప్రికాట్ గింజల పప్పు జోలికి అసలు పోవద్దు, దాన్నుంచి కడుపులో సైనైడ్ అనే విషం పుడుతుంది.

వికారంతో ఏదీ సహించని రోజుల్లో రెండేసి గంటలకు కొంచెం కొంచెం పెట్టండి, చల్లారినవైతే వాసన తక్కువ. నోట్లో ఇనుము రుచి అనిపిస్తే స్టీలు చెంచా బదులు ప్లాస్టిక్‌ది ఇవ్వండి. వారానికోసారి ఒకే త్రాసు మీద, పొద్దున్నే బరువు చూసి రాసిపెట్టండి, వరసగా రెండు వారాలు తగ్గితే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా డైటీషియన్‌ను కలవండి.