మిక్చర్ సీసానా, అమృతాంజనం సీసానా: ఏది దాచుకోవడం మేలు?

అటక దులిపితే పాత మందు సీసాలు బయటపడ్డాయి. అన్నీ ఉంచడానికి చోటు లేదు. ఒక్కటే ఉంచుకోమంటే ఏది?

గ్రైప్ వాటర్ సీసాను ముందే పక్కన పెట్టేశాను. 1851లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ తయారుచేసిన మందు అది. సోయికూర గింజల నూనె, వంటసోడా, చక్కెరతో పాటు అప్పట్లో కాస్త ఆల్కహాల్ కూడా ఉండేది. ఏడ్చే పిల్లలు ఇట్టే ఊరుకోవడంలో దాని చెయ్యి ఎంతుందో! కథంతా లేబుల్‌లోనే ఉంది, సీసా అడుగున ఇంకేమీ లేదు.

అమృతాంజనం అలా కాదు. 1893లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు గారు మొదలుపెట్టారు. ఆ రాబడి అండతోనే 1908లో ఆంధ్రపత్రిక వారపత్రికగా వచ్చింది, 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. అంటే మన తలనొప్పులే పేపరు నడిపాయన్నమాట. ఇంట్లో దొరికిన సీసా అడుగున గోటితో గీకిన గీతలు ఇంకా ఉన్నాయి. చిన్న నొప్పికి డాక్టరు దాకా పోకుండా గడిపిన రోజులవి. పాత వస్తువులు కొనేవాళ్ళు కూడా ముందు అడిగేది ఇలాంటి పేరున్న సీసానే.

అయినా నా ఓటు మిక్చర్ సీసాకే, అంటే ఆస్పత్రిలో కలిపిచ్చే నీళ్ళమందు సీసాకే. దానికి పేరు లేదు, కంపెనీ లేదు. ఆ రోజుల్లో ఆస్పత్రికి వెళ్తే కాంపౌండర్ మొదట అడిగే మాట "సీసా తెచ్చావా?" మందు పోసి, కాగితం ముక్కను మడతపెట్టి కత్తెరతో అంచులు కత్తిరించి, సీసా పక్కన జిగురుతో అంటించేవాడు. ఒక్కో గంటు ఒక్కో మోతాదు. చదువు రాని మనిషి కూడా పొద్దున ఒక గంటు, రాత్రి ఒక గంటు అని చూసుకుని తాగేది. లోపలున్న మందు పేరు మాత్రం ఆమెకెవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు.

మందు అయిపోయాక ఆ సీసానే కిరసనాయిలు బుడ్డి. ఇందులో ప్రమాదమూ ఉంది, మందనుకుని కిరసనాయిలు తాగేయొచ్చు. ఇంగ్లండులో విషపు మందులను నీలం, ఆకుపచ్చ రంగుల్లో గరుకు గీతలున్న సీసాల్లో అమ్మేవారు, చీకట్లో చెయ్యి తగిలినా తెలిసేలా. మా నాయనమ్మ అందుకు సీసా మెడకు ఎర్రదారం కట్టేది.

మూత మధ్యలో ఒత్తి కోసం మేకుతో పొడిచిన చిల్లు, గాజు మీద గంట్లు గంట్లుగా జిగురు మరక. నిమ్మకాయ పెట్టి తోమొద్దని ఇంట్లో అందరికీ చెప్పి పెట్టాను.