మణికొండలో మాస్టరింగ్: పాటకి 4,000 పెట్టొచ్చా?

మా చెల్లి పాడిన జానపదానికి మిక్స్ (గొంతునీ వాయిద్యాలనీ సరిపాళ్లలో కలపడం) నేనే చేసుకుని, మాస్టరింగ్‌కి, అంటే రిలీజ్‌కి ముందు మొత్తం పాట సౌండ్‌ని చివరిగా సరిదిద్దడానికి, ముందు ఒక ఆన్‌లైన్ ఆటోమేటిక్ సైట్‌లో పెట్టాను. రెండు నిమిషాల్లో ఫైల్ వచ్చేసింది, సౌండ్ బాగా పెరిగింది, సంబరపడ్డాను. మర్నాడు కారులో వింటే డప్పు మోత ఉంది గానీ దెబ్బ లేదు. డప్పు వాయించే సన్న పుల్ల, అదే సిటికెన పుల్ల, తగిలే ఆ టక్కుమనే చప్పుడంతా చదునైపోయింది.

అప్పుడు ఫ్రెండ్ చెప్తే మణికొండలో ఈ ఇంజనీర్ దగ్గరికి వెళ్లాను. బోర్డేమీ ఉండదు, అపార్ట్‌మెంట్‌లో ఒక బెడ్‌రూం, గోడల నిండా మందపాటి ప్యానెళ్లు. డబ్బు తీసుకోకముందే మిక్స్ విని వెనక్కి ఇచ్చేశారు. మొత్తం పాట మీద పెట్టిన లిమిటర్ (సౌండ్ ఒక హద్దు దాటకుండా నొక్కి ఉంచేది) తీసేసి, అన్నిటికన్నా గట్టిగా మోగే చోటు కూడా మైనస్ 6 డీబీ దగ్గరే ఉండేలా పంపమన్నారు. "మీ చెల్లెలి గొంతులో స, శ గుచ్చుకుంటున్నాయి. నా దగ్గరుండేది మొత్తం కలిసిపోయిన ఫైలు, నేను తగ్గిస్తే తాళాల చప్పుడు కూడా మొద్దుబారుతుంది, మిక్స్‌లోనే సరిచేసుకుని రండి" అన్నారు. ఈ ఒక్క మాటకే నాకు నమ్మకం కుదిరింది.

రెండోసారి పక్కనే కూర్చోబెట్టుకున్నారు. 300 హెర్ట్జ్ దగ్గర, అంటే కాస్త కింది సౌండ్‌లో, ఒకటిన్నర డీబీ తగ్గించారు, అంతే, డప్పు కింద నలుగుతున్న గొంతు పైకొచ్చింది. గట్టిగా ఉన్నదేదైనా బాగున్నట్టే అనిపిస్తుందని, పాతదీ కొత్తదీ ఒకే సౌండ్‌లో పెట్టి వినిపించారు. ఇంకొంచెం పెంచమని నేనే అడిగితే, మనం ఎంత మోగించి పంపినా స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్‌కి (పాట మొత్తం మీద ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దించేస్తుంది, పోయిన దెబ్బ మాత్రం తిరిగి రాదు అన్నారు. తర్వాత ఫోన్ స్పీకర్‌లోనూ విన్నారు. 1969లో బాబ్ లుడ్విగ్ అనే మాస్టరింగ్ ఇంజనీర్, లెడ్ జెప్లిన్ అనే రాక్ బ్యాండ్ రెండో ఆల్బమ్‌ని గట్టి సౌండ్‌తో రికార్డు మీద కట్ చేస్తే, చవక రికార్డు ప్లేయర్లలో ముల్లు ఎగిరిపోతోందని కంపెనీ వాళ్లు దాన్ని ఆపేసి మళ్లీ కట్ చేయించారు, ఆ సంగతి కూడా అప్పుడే చెప్పారు. జనం దేంట్లో వింటారో అందులో విని తీరాలట.

ఆయన డబ్బింగ్ థియేటర్‌లో కేబుళ్లు చుట్టడంతో మొదలుపెట్టి, ఏళ్ల తరబడి మిక్సింగ్ అసిస్టెంట్‌గా చేసి, ఆ తర్వాతే ఇందులోకి వచ్చారు. రోజుకి నాలుగైదు గంటలకి మించి వినరు, చెవి అలిసిపోతే తెలియకుండానే ట్రెబుల్ పెంచేస్తామట. పెళ్లి బరాత్ దగ్గరికి కూడా ఇయర్‌ప్లగ్స్ పెట్టుకునే వెళ్తారట.

ఇబ్బందులూ ఉన్నాయి. మూడు రోజులన్నారు, ఎనిమిది రోజులు పట్టింది, రిలీజ్ డేట్ ముందే చెప్పేసుకున్న నాకు ఒకటే టెన్షన్. రెండో కరెక్షన్‌కి 800 అదనంగా అడిగారు, అది మొదట్లోనే చెప్పి ఉండాల్సింది.

ఫైళ్లు మాత్రం పద్ధతిగా ఇచ్చారు: 24 బిట్ ఒకటి, సీడీకి 16 బిట్ 44.1 కిలోహెర్ట్జ్ ఒకటి, వీడియోకి 48 కిలోహెర్ట్జ్ ఒకటి. మొన్న మళ్లీ అదే కారులో విన్నాం. సిటికెన పుల్ల చప్పుడు వినిపించగానే మా చెల్లి సౌండ్ పెంచింది. వచ్చే నెల రెండో పాట కూడా ఆయనకే ఇస్తున్నాను, ఈసారి పది రోజులు ముందుగా.