ధర చీటీలో అడుగు లైను: నాలుగేళ్లు వాడాక నా మాట

సూపర్‌మార్కెట్‌లో అరల అంచున అతికించే ధర చీటీ చూసే ఉంటారు. పెద్ద అంకెల కింద ఒక చిన్న లైను ఉంటుంది. కిలోకి ఇంత, లీటరుకి ఇంత, వంద గ్రాములకి ఇంత అని. చాలామంది దాన్ని పట్టించుకోరు. నేనూ ఏళ్ల తరబడి పట్టించుకోలేదు. 2021 చివర్లో సంగతి. తెచ్చే సరుకులు అవే, తినే మనుషులం అంతమందిమే, బిల్లు మాత్రం వారం వారం పెరుగుతోంది. ఎక్కడ పెరుగుతోందో పట్టుకుందామని ఒక నోటు పుస్తకం తీసుకుని ఆ అడుగు లైను రాసుకోవడం మొదలుపెట్టాను. అప్పట్నుంచి ఆ లైను చదవకుండా ప్యాకెట్ బుట్టలో వెయ్యడం చాలా అరుదు. ఈ సమీక్ష ఆ ఒక్క లైను గురించే. ఏ షాపులో ఏది దొరుకుతుంది, ఏ యాప్ తొందరగా తెచ్చిపెడుతుంది లాంటివి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను.

షాపు మొత్తంలో కొనేవాళ్ల వైపు నిలబడి మాట్లాడేది అదొక్కటే అని నాకు గట్టి నమ్మకం. మిగతా రంగులు, బోర్డులు, ఆఫర్లు అన్నీ అమ్మేవాళ్ల వైపువి.

మొదటి నెలలోనే దాని విలువ తెలిసింది. మేం ఎప్పుడూ కొనే బిస్కెట్ ప్యాకెట్ ధర పైసా మారలేదు. పుస్తకంలో మాత్రం కిలో లెక్క పెరిగినట్టు కనిపించింది. రాసుకోవడంలో తప్పు చేశానేమో అనుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే డబ్బాలో పాత ప్యాకెట్ ఒకటి మిగిలి ఉంది. రెండూ పక్కపక్కన బల్ల మీద పెట్టాను. ఎత్తు అదే, వెడల్పు అదే, బొమ్మ అదే. వెనక్కి తిప్పితే పాతదాని మీద 150 గ్రాములు, కొత్తదాని మీద 135. కవరు విప్పితే తెలిసింది, లోపలి ప్లాస్టిక్ ట్రేలో గడికీ గడికీ మధ్య ఎడం పెంచారు. బరువు పదో వంతు తగ్గితే కిలో ధర తొమ్మిదో వంతు పెరిగినట్టు. ఆ లెక్క నేను వేసింది కాదు, అడుగు లైను ముందే వేసి పెట్టింది.

ఇదేదో నాకొక్కదానికి జరిగింది కాదు. 2016లో బ్రిటన్‌లో టోబ్లరోన్ చాక్లెట్ ముక్కల మధ్య సందు పెంచి 400 గ్రాముల పట్టీని 360కి, 170 గ్రాములదాన్ని 150కి దించినప్పుడు పెద్ద గొడవే అయింది. ఫ్రాన్స్‌లో 2024 జులై 1 నుంచి, ధర తగ్గించకుండా బరువు తగ్గించిన సరుకు దగ్గర ఆ సంగతి రాసిన కాగితం రెండు నెలల పాటు పెట్టాలని 400 చదరపు మీటర్లకు మించిన దుకాణాలకు నిబంధన తెచ్చారు. అలాంటి కాగితం లేని చోట మనకున్నది ఈ లైను, మన పుస్తకం, అంతే.

ఇంకో సంగతి కూడా ఈ లైనే నేర్పింది. పెద్ద ప్యాకెట్ కొంటే కలిసొస్తుందని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాం కదా, అన్నిసార్లూ అది నిజం కాదు. బట్టల సబ్బు పొడి రెండు కిలోలది ఒకటి కొనే బదులు కిలోవి రెండు కొంటే తక్కువ పడిన నెలలు నా పుస్తకంలో ఏడు ఉన్నాయి. మా అమ్మ నమ్మలేదు. తనే వచ్చి కళ్లద్దాలు పెట్టుకుని చీటీ చదివి, "మరి ఇన్నాళ్లూ మోసుకుంటూ పెద్దది ఎందుకు తెచ్చామే?" అంది.

ఇక అసలు కథ నూనెది.

2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద రష్యా దాడి మొదలైంది. పొద్దుతిరుగుడు నూనె ఎగుమతిలో అంతవరకూ ప్రపంచంలో మొదటి స్థానం ఉక్రెయిన్‌ది, దాని వెనకే రష్యా. యుద్ధంతో నల్లసముద్రపు రేవుల్లో ఓడలు ఆగిపోయాయి. అది చాలదన్నట్టు, అందరికంటే ఎక్కువ పామాయిల్ తీసే ఇండోనేషియా తన దేశంలోనే వంటనూనె ధర చెయ్యి దాటిందని ఏప్రిల్ 28న ఎగుమతి ఆపేసింది. మళ్లీ తెరిచింది మే 23న. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ నెలనెలా ప్రకటించే ఆహార ధరల సూచీ ఆ మార్చిలో అంతకుముందెన్నడూ లేనంత ఎత్తుకు చేరింది. ఇవన్నీ వార్తల్లో చదువుతూనే ఉన్నాను. కానీ నూనె అర ముందు నిలబడేదాకా అది మా వంటింటి సంగతని తలకెక్కలేదు.

ఆ శనివారం ఐదు లీటర్ల డబ్బాలుండే చోట అర అడుగున ఇనుప రేకు కనిపిస్తోంది. చీటీ మాత్రం అలాగే ఉంది. లీటరు ప్యాకెట్ల దగ్గర "ఒక్కొక్కరికి రెండే" అని కాగితం అతికించారు, కాగితం ఉంది గానీ ప్యాకెట్లు లేవు. చివర్లో అరలీటరు సీసాలు ఓ పది మిగిలాయి. అలవాటు కొద్దీ వంగి అడుగు లైను చదివాను. ఖాళీగా ఉన్న ఐదు లీటర్ల డబ్బా లెక్కతో పోలిస్తే లీటరుకి మూడో వంతు పైగా ఎక్కువ. ఇంత తేడా పెట్టి కొనడమేమిటని చేతిలోకి తీసుకున్న రెండు సీసాలూ మళ్లీ అరలో పెట్టేశాను.

పక్కనే అరలు సర్దుతున్న కుర్రాడు చూసి, "తీసుకోండి మేడమ్, రేపటికి ఇవి కూడా ఉండవు. లోపల స్టాకేం లేదు, లారీ వస్తేనే" అన్నాడు.

"పర్లేదు బాబూ, వచ్చే వారం పెద్ద డబ్బా వస్తుందిగా" అన్నాను.

వచ్చే వారం డబ్బా రాలేదు, సీసాలూ లేవు. ఆ పై వారం లీటరు ప్యాకెట్లు వచ్చాయి. అడుగు లైను చూస్తే, నేను ఖరీదని వదిలేసిన అరలీటరు సీసా లెక్క కంటే కూడా ఎక్కువ. మధ్యలో పన్నెండు రోజులు చెంచాతో కొలిచి వాడుకున్నాం. ఆ రోజు లైను అబద్ధం చెప్పలేదు. ఈ రోజు అరలో ఉన్నవాటిలో ఏది చవకో చెప్పడమే దాని పని. రేపు అరలో ఏముంటుందో అది చెప్పదు, నేను దాన్ని ఆ ప్రశ్న అడిగినట్టు ప్రవర్తించాను. సూపర్‌మార్కెట్లు వెనక గదిలో సరుకు పెద్దగా దాచుకోవు, వచ్చిన లారీ వచ్చినట్టు అరల్లోకి పోతుంది. అందుకే ఎక్కడో రేవు మూతపడితే ఇక్కడ అర ఇంత తొందరగా ఖాళీ అవుతుంది. 2023 ఫిబ్రవరిలో స్పెయిన్, మొరాకోల్లో వాతావరణం దెబ్బకి పంట తగ్గినప్పుడు బ్రిటన్ సూపర్‌మార్కెట్లు టమాటాలు, కీరా మనిషికి ఇన్నే అని పరిమితి పెట్టింది కూడా ఇలాంటి పరిస్థితిలోనే.

నూనె కథ అక్కడితో అయిపోలేదు. ఆ కొత్త లీటరు ప్యాకెట్ ఇంటికి తెచ్చాక, ఎందుకో అనుమానం వచ్చి వంటింటి కాటా మీద పెట్టాను. నూనె డబ్బాలోకి వంచేసి, ఖాళీ కవరు బరువు తీసేసి చూస్తే నేను అనుకున్నదానికంటే తక్కువ. కవరు కింద సీము దగ్గర, గోరంత అక్షరాల్లో, లీటరు పక్కనే "60 డిగ్రీల సెల్సియస్ వద్ద" అని ఉంది. నూనె వేడెక్కితే వ్యాకోచిస్తుంది. అంత వేడి మీద లీటరు కొలిస్తే మామూలు గది వేడిలో కొలిచినదానికంటే తక్కువ నూనె పడుతుంది. సోయా నూనె లీటరు 21 డిగ్రీల దగ్గర 919.1 గ్రాములుంటే 60 డిగ్రీల దగ్గర 892.6 గ్రాములే అని 2022 ఆగస్టులో భారత ప్రభుత్వమే లెక్క చెప్పింది. ఉష్ణోగ్రత ప్రస్తావన తీసేసి పరిమాణంతో పాటు బరువు కూడా వేయమని, 2023 జనవరి 15లోపు కవర్లు సరిచేసుకోమని కంపెనీలకు ఆదేశించింది. తేడా 26.5 గ్రాములు, అంటే సుమారు మూడు శాతం. నా ప్యాకెట్‌లో తగ్గింది దాదాపు అంతే. నేను అంతగా నమ్మిన లైను అప్పటిదాకా నాకు లీటరు లెక్కే చెప్పింది. ఏ లీటరో దానికి తెలియదు. ఇప్పుడు నూనె ఒక్కటి మాత్రం ఆ లైను వదిలేసి, బరువు చూసి నేనే ఫోన్‌లో భాగహారం చేసుకుంటున్నాను.

కాబట్టి పైన రాసిన మెచ్చుకోలులో కొంత సవరించుకోవాలి. కొనేవాళ్ల వైపు ఉండేది ఆ లైను ఒక్కటే అన్నాను. ఆ మాట మీదే ఉన్నాను, అయితే దానికి కనపడనివి చాలా ఉన్నాయి. ఒకే అరలో ఒక టీపొడికి కిలో లెక్క, పక్క టీపొడికి వంద గ్రాముల లెక్క, ఆ పక్కన టీ బ్యాగుల పెట్టెకి బ్యాగు లెక్క వేస్తారు. గుడ్లకి ఒక్కోదానికి ఇంత అంటారు, సైజు చెప్పరు. యాప్‌లో ఈ గందరగోళం ఇంకా ఎక్కువ. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్న రోజున లైను మారదు, పాత లెక్కే చూపిస్తుంది.

అన్నిటికంటే ముఖ్యంగా, లోపలి సరుకు పలచబడితే దానికి తెలియదు. ఘనా, ఐవరీ కోస్ట్‌లలో పంట దెబ్బతిని 2024 మార్చిలో కోకో టన్ను పదివేల డాలర్లు దాటింది. ఆ ఏడాదంతా మా పిల్లాడు పాలల్లో కలుపుకునే కోకో పొడి కిలో లెక్క కదల్లేదు. నేను సంతోషపడ్డాను. వాడే ఒకరోజు, "అమ్మా, ఇది ఉత్త తీపిగా ఉంటోంది" అన్నాడు. పాత డబ్బా, కొత్త డబ్బా పదార్థాల పట్టికలు చూశాను. బరువులో ఎక్కువున్నది ముందు రాస్తారు కదా, పాతదాంట్లో మొదట ఉన్న కోకో కొత్తదాంట్లో చక్కెర తర్వాతికి పోయింది.

ఇలా తప్పులు వెతుకుతున్నాను గానీ, ఆ లైను ఊరికే రాలేదని కూడా చెప్పాలి. ఐరోపా యూనియన్ 1998లో ఆదేశం తెచ్చింది. ఆస్ట్రేలియాలో పెద్ద సూపర్‌మార్కెట్లకు 2009 నుంచి తప్పనిసరి. భారత్‌లో 2021 నవంబరులో ప్యాకెట్ సరుకుల నిబంధనలు సవరించినప్పుడు, బిస్కెట్లు, టీ, నూనె లాంటివి ఫలానా బరువుల్లోనే కట్టాలన్న పాత పట్టికను తీసేసి, దానికి బదులుగా గ్రాము ధరో కిలో ధరో ప్యాకెట్ మీద వేయాలన్నారు. ఆ రెండూ ఒకే సవరణలో రావడం నాకు చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది. ప్యాకెట్ ఎంత ఉండాలో కంపెనీ ఇష్టమయ్యాక, 135 గ్రాములదాన్ని 150 గ్రాములదానితో పోల్చుకునే దారి మనకు అదే. అలాంటిదాన్ని కంటికి ఆనని అక్షరాల్లో వేయడం నాకు నిజంగా కోపం తెప్పిస్తుంది. కింది అరలో చీటీ చదవాలంటే నేల మీద కూర్చోవాలి. ఒకసారి ఒక పెద్దాయన పప్పు ప్యాకెట్ పట్టుకుని, "అమ్మా, కిలోకి ఎంతో కాస్త చదివి పెడతావా?" అని అడిగారు. చదివి చెప్పాను. చేతిలోది పెట్టేసి పక్కది తీసుకున్నారు. ఆయన ఎవరూ లేనప్పుడు ఎలా కొంటున్నారో అని ఆ రోజంతా అనిపించింది.

వాడమంటానా అంటే, మా ఇంటి పరిస్థితి చెప్పి ఆపై మీకే వదిలేస్తాను. మేం ముగ్గురం. సరుకు నిల్వ పెట్టుకోవడానికి ఒక్క అలమర ఉంది. వారానికి ఒక్కసారి, నడిచి వెళ్లి, చేతిలో పట్టినంత తెచ్చుకుంటాం. నాకు శనివారం పొద్దున ఒక గంట తీరిక ఉంటుంది కాబట్టి ఈ రాతకోతలు కుదురుతున్నాయి. పెద్ద కుటుంబం, ఇంట్లో చోటు, బండి ఉన్నవాళ్లకి ఇంతకంటే బాగా కలిసొస్తుంది. రోజు కూలి మీద ఏ రోజుకారోజు కొనుక్కునేవాళ్లకి కిలో లెక్క ఎంత తక్కువైనా పెద్ద ప్యాకెట్ అందదు, వాళ్లకి ఈ లైను వల్ల ఒరిగేది కొంచెమే. ఉప్పు, అగ్గిపెట్టెల్లాంటి చిన్న చిన్నవి ఈ మధ్య నేనూ చదవకుండానే బుట్టలో వేసేస్తున్నాను.

నూనె దెబ్బ తర్వాత నోటు పుస్తకంలో కిలో లెక్క పక్కన ఇంకో గడి గీశాను: ఇంట్లో ఉన్నది ఎన్ని వారాలకి సరిపోతుంది అని. రెండు వారాలకి మించి ఉంటే అడుగు లైను చూసి కొంటాను, ధర నచ్చకపోతే వదిలేస్తాను. రెండు వారాలకి తక్కువుంటే, అరలో మిగిలింది అరలీటరు సీసా అయినా సరే తెచ్చుకుంటాను. మొన్న శనివారం గుడ్ల అర సగం ఖాళీగా కనిపించింది. ఇంట్లో నాలుగే ఉన్నాయి. ఆరు గుడ్ల చిన్న పెట్టె, ఒక్కోదానికి పడే లెక్క ఎక్కువే. తీసుకుని వచ్చేశాను.