చేతి అల్లిక అని 7,200 పెట్టి కొన్న లేసుకి మొదలే లేదు: ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళు జాగ్రత్త

చేత్తో చేసిన వస్తువులంటే ఇష్టపడి, ఫోన్‌లో పేజీలు చూసి ఆర్డర్ పెట్టే అక్కచెల్లెళ్ళందరూ ఇది ఒకసారి చదవండి. ముఖ్యంగా 'నర్సాపురం లేసు', 'ప్యూర్ హ్యాండ్ క్రోషే' (కొక్కెం సూదితో చేత్తో అల్లే లేసు) అని పెట్టి అమ్మేవాళ్ళ దగ్గర కొనేముందు. నేను కొన్న పేజీ పేరు రాయడం లేదు. రాసినా లాభం లేదు, నేను కంప్లయింట్ పెట్టిన పది రోజులకే వాళ్ళు పేరు, ఫొటో మార్చేసుకుని మళ్ళీ అదే టేబుల్ క్లాత్ అమ్ముతున్నారు.

నాకేమీ తెలియక మోసపోయాననుకోకండి. అదే నాకు ఎక్కువ సిగ్గుగా ఉంది. మాది నర్సాపురం పక్కనే, పాలకొల్లు వైపు. వేసవి సెలవుల్లో పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్తే, సాయంత్రం అయ్యేసరికి వీధిలో ఆడవాళ్ళంతా అరుగుల మీద చేరేవాళ్ళు. ఒళ్ళో దారం కండె, చేతిలో కొక్కెం సూది, నోట్లో కబుర్లు. చూపు ఎక్కడో ఉండేది, చేతులు మాత్రం ఆగేవి కావు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు పెద్దమ్మే గొలుసు వేయడం నేర్పింది. ఇప్పటికీ నా హ్యాండ్‌బ్యాగ్‌లో 20 నంబరు దారం, ఒక సూది ఉంటాయి. కూకట్‌పల్లి నుంచి ఆఫీసుకి మెట్రోలో వెళ్తూ కప్పుల కింద పెట్టుకునే చిన్న చిన్న గుండ్రాలు అల్లుతూ ఉంటాను. ఆఫీసులో టెన్షన్ పడిన రోజు నాలుగు వరసలు వేస్తే తల తేలికవుతుంది.

మరి అల్లడం వచ్చినదాన్ని కొనడమెందుకంటే, ఆరుగురు కూర్చునే డైనింగ్ టేబుల్ మీదికి లేసు గుడ్డ అంటే మాటలు కాదు. నా స్పీడుకి ఏడాది పడుతుంది. మాఘమాసంలో మధురవాడలో అక్క (పెద్దమ్మ కూతురు) గృహప్రవేశం. నాకు మూడు వారాలే టైముంది. పెద్దమ్మకి కంట్లో శుక్లాల ఆపరేషన్ అయింది, సన్నపని వద్దన్నారు డాక్టరు గారు. ఊళ్ళో పిన్నులెవరినైనా అడిగితే పెద్దమ్మకి క్షణంలో చేరిపోతుంది. సర్‌ప్రైజ్ చేద్దామనుకున్నాను. అలా ఫోన్ పట్టుకున్నాను.

పేజీలో ఫొటోలు నిజంగా బాగున్నాయి. దగ్గరగా తీసినవి, ఒక్కో కుట్టు కనబడుతోంది. నేను జూమ్ చేసి మరీ చూశాను, అచ్చమైన చేతిపనే. 'మా దగ్గర నర్సాపురం మహిళలు అల్లుతారు' అని రాశారు. అయినా అనుమానంతో వీడియో అడిగాను. పంపారు. ఎవరో ఆవిడ చేతులు, గాజులు, సూది చకచకా ఆడుతోంది. ఇంకేం కావాలి? ధర 7,200. సగం ముందు, సగం పార్సిల్ పంపేముందు. రెండుసార్లూ యూపీఐలో కొట్టేశాను. 'హ్యాండ్‌మేడ్ కాబట్టి నో రిటర్న్' అని మెసేజ్ పెట్టారు, సరేనన్నాను. ఫొటోలో కనిపించిన పువ్వుకి ఆరు రేకులు, వీడియోలో ఆవిడ అల్లుతున్న పువ్వుకి ఐదు. అది నేను ఇంటికి తిరిగొచ్చాక, ఒళ్ళు మండి మళ్ళీ చూస్తే కనబడింది. అంటే ఆ వీడియో ఎవరిదో, ఎక్కడిదో.

పార్సిల్ ప్రయాణానికి ముందురోజు వచ్చింది. కవర్ చింపి, మడత మీదే చూశాను. కాస్త బిర్రుగా ఉంటే గంజి పెట్టారనుకున్నాను. అలాగే సూట్‌కేసులో పెట్టేశాను. విప్పుతూ వీడియో తీయలేదు. ఇది నేను చేసిన పెద్ద తప్పు.

గృహప్రవేశం అయ్యాక, భోజనాలకి ముందు అక్క దాన్ని టేబుల్ మీద పరిచింది. అందరూ బాగుందన్నారు. పెద్దమ్మ కుర్చీలో కూర్చుని అంచు చేతిలోకి తీసుకుంది. కళ్ళతో చూడలేదు, బొటనవేలితో తడిమింది. తిప్పింది. మళ్ళీ తడిమింది. 'దీనికి మొదలేదే?' అంది.

నాకు అర్థమయ్యేలోపే మా అమ్మకి అర్థమైంది. అమ్మ ముఖం చూడాలి అప్పుడు.

మొదలంటే ఏంటో అల్లని వాళ్ళ కోసం చెప్తాను. చేతి లేసులో పువ్వు మామూలుగా కొన్ని గొలుసు కుట్లు వేసి, వాటిని గుండ్రంగా కలపడంతో మొదలవుతుంది. ఆ మొదటి దారం కొస ఎక్కడికీ పోదు, మొదటి వరస కింద దాచి మీదుగా అల్లేస్తారు. చివర్లో తెంపిన కొసని కూడా సూదితో లోపలికి లాగి దాచేస్తారు. ఎంత పనిమంతురాలు దాచినా గోరుకి తగులుతుంది. ఆ చోట చిన్న లావు ఉంటుంది. పెద్దమ్మ నాలుగు పువ్వులు తడిమింది, ఒక్కదానికీ ఆ లావు లేదు. పైగా రేకుకీ రేకుకీ మధ్య సన్నటి పీచులు లేచి ఉన్నాయి, దారాన్ని కత్తిరించినచోట లేచే పీచులు. చేతి అల్లికలో పువ్వు మధ్యలో కత్తెర పడదు కదా, ఒకే దారం తిరుగుతూ పోతుంది.

తర్వాత మేనకోడలు కనిపెట్టింది అసలు సంగతి. ప్రతి వరసలో మూడో పువ్వుకి ఒక రేకు కాస్త ఎడమకి వాలి ఉంది. ప్రతి వరసలోనూ. అదే పువ్వు, అదే రేకు, అదే వాలు. చేత్తో అల్లితే తప్పులు ఉండవని కాదు, నా పనిలో బోలెడు ఉంటాయి, కానీ ఒకచోట ఉన్న తప్పు ఇంకోచోట ఉండదు. మెషిన్ అయితేనే తప్పు కూడా కొలత ప్రకారం పడుతుంది.

హైదరాబాద్ వచ్చాక కొనలో ఒక పువ్వు కత్తిరించి చూశాను (అక్కే ఇచ్చి పంపేసింది, పాపం ఏమీ అనలేదు). మగ్గు నీళ్ళలో వేస్తే కాసేపటికి జిగురుజిగురుగా తయారై, బిర్రుతనమంతా పోయి గుడ్డ పీలికలా వాలిపోయింది. ఇలాంటి లేసుని మెషిన్ మీద, నీళ్ళలో కరిగిపోయే పొర మీద ఎంబ్రాయిడరీలా కుడతారు. తర్వాత ఆ పొరని కడిగేస్తే దారం మాత్రమే మిగులుతుంది, చూడ్డానికి క్రోషేలా ఉంటుంది. సరిగ్గా కడగకపోతే ఆ జిగురు ఇలా మిగిలిపోతుంది. అయితే ఒక్క నీళ్ళ పరీక్షే నమ్మకండి, గంజి పెట్టిన అసలు లేసు కూడా నీళ్ళలో మెత్తబడుతుంది. తేల్చేది దారమే. చేతి క్రోషే పువ్వులో చివరి కొస దొరకబుచ్చుకుని లాగితే గిరగిరా విడిపోతూ మొదటి గొలుసు దాకా వచ్చేస్తుంది. మొత్తం పువ్వు ఒకే పొడవాటి దారంగా మీ చేతిలో ఉంటుంది. నా పువ్వుని లాగితే ముక్కలు రాలాయి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. స్వెట్టర్ అల్లికని మెషిన్ చక్కగా చేస్తుంది, అందులో మోసమేమీ లేదు. క్రోషే అలా కాదు. చేతి సూది ఎక్కడ కావాలంటే అక్కడ గుచ్చి కుట్టు లాగినట్టు మెషిన్ చేయలేదు, దాన్ని పోలిన లేసు మాత్రమే చేయగలదు. అందుకే మాల్‌లో నాలుగు వందలకి క్రోషే టాప్ కనబడితే నాకు రెండే అనుమానాలు వస్తాయి. అది క్రోషే కాకపోవాలి, లేదా నిజంగా ఎవరో చేత్తో అల్లి ఉండాలి. రెండోదయితే ఆ మనిషి చేతికి ఎంత వచ్చి ఉంటుందో ఆలోచించండి. నర్సాపురం చుట్టుపక్కల ఇది కొత్త బాధ కాదు. 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీలు అక్కడ నేర్పిన పని, తరతరాలుగా ఇళ్ళలో ఆడవాళ్ళే చేస్తున్నారు. పువ్వులు అల్లేవాళ్ళు ఒకరు, వాటిని కలిపే అతుకు పని చేసేవాళ్ళు ఇంకొకరు. చేసిన పనిని బట్టి కూలి. మధ్యలో ఏజెంట్లు. సరుకు విదేశాలకి వెళ్తుంది, అల్లినావిడ పేరు ఎక్కడా ఉండదు. 2024లో నర్సాపురం లేసుకి జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకు అని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు) వచ్చింది. ఆ పేరు అడ్డం పెట్టుకుని నాకు అంటగట్టింది మెషిన్ సరుకు. 7,200 పోయిన బాధ కన్నా ఇది నాకు ఎక్కువ మండింది.

అమ్మినవాళ్ళతో మాట్లాడితే మొదట 'ఫినిషింగ్ మాత్రం మెషిన్ మేడమ్' అన్నారు. ఫొటోలు పెడితే 'మీకు క్రోషే గురించి తెలియదు' అన్నారు. నాకు! పెద్దమ్మకి వినిపించాను ఆ వాయిస్ మెసేజ్, చాలాసేపు నవ్వింది. మూడో రోజు బ్లాక్ చేశారు. బ్యాంకులో అడిగితే, మీరే పిన్ కొట్టి పంపిన డబ్బు, మేము వెనక్కి తేలేం అన్నారు.

1915కి ఫోన్ చేశాను. అది నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్. ఫిర్యాదు తీసుకున్నారు, మర్యాదగానే మాట్లాడారు. కానీ అమ్మినవాళ్ళ చిరునామా అడిగితే నా దగ్గర ఏముంది? పేజీ పేరు, ఒక ఫోన్ నంబరు. బిల్లు లేదు, జీఎస్టీ నంబరు లేదు, ఊరు లేదు. పార్సిల్ మీద పంపినవాళ్ళ చోట నంబరే ఉంది. నిజానికి 2020లో వచ్చిన ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు తమ పేరు, చిరునామా, రిటర్న్ పాలసీ, ఫిర్యాదు ఎవరికి చేయాలో చూపించాలి. 'నో రిటర్న్' అన్నంత మాత్రాన ఒకటి చెప్పి ఇంకొకటి పంపే హక్కు వాళ్ళకి రాదు. వినియోగదారుల కమిషన్‌లో మనం ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు, రెండేళ్ళ లోపు వేయాలి, 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు. అన్నీ ఉన్నాయి. కానీ నోటీసు ఎక్కడికి పంపాలో తెలిస్తే కదా. అందుకే అన్నిటికన్నా ముందు చిరునామా, బిల్లు అడగండి. బిల్లు మీద 'హ్యాండ్ క్రోషే, కాటన్' అని రాసి ఇమ్మనండి. నిజంగా అల్లేవాళ్ళకి ఇది రాయడానికి అభ్యంతరమేమీ ఉండదు. తటపటాయిస్తే అక్కడితో ఆపేయండి.

వీడియో అడిగేటప్పుడు నాలాగా 'అల్లుతున్న వీడియో' అడక్కండి, అది ఎక్కడైనా దొరుకుతుంది. మీకు పంపబోయే గుడ్డనే, వెనక్కి తిప్పి, అంచు దగ్గరగా పట్టుకుని, పక్కన కాగితం మీద మీ పేరు, ఆ రోజు తేదీ రాసి పెట్టి తీయమనండి. ఎన్ని రోజులు పడుతుందో కూడా అడగండి. టేబుల్ క్లాత్ 'రేపే పంపిస్తాం, ఎన్ని కావాలన్నా ఉన్నాయి, ఏ రంగయినా ఇస్తాం' అంటే ఆలోచించాల్సిందే. స్టాకు పెట్టుకున్న మంచి వ్యాపారులూ ఉంటారు, కాదనను. కానీ ఒకే డిజైన్ పన్నెండు రంగుల్లో వందలకొద్దీ అంటే చేతులు ఎన్ని కావాలి?

పార్సిల్‌తో పాటు 'ఫ్రీ గిఫ్ట్' అని ఒక దారం ఉండ కూడా పంపారు, చీటీ మీద 'వంద శాతం కాటన్' అని. ఎలాగూ పరీక్షలు మొదలుపెట్టాను కదా, ఒక జానెడు తుంచి గిన్నె మీద పట్టుకుని అగ్గిపుల్ల గీశాను. కాటన్ కాలితే కాగితం కాలిన వాసన వచ్చి, వేళ్ళతో నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుతుంది. ఇది కుంచించుకుపోయి, చివర నల్లటి గట్టి పూసలా తయారైంది. ప్లాస్టిక్ కంపు. పిల్లలు లేనప్పుడు, పక్కన నీళ్ళు పెట్టుకుని చేయండి ఈ పని. ఈ ఒక్క పరీక్షా అల్లే సరదా ఉండి దారం ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళకి చాలా పనికొస్తుంది. ఎండాకాలంలో పాపకి కాటన్ అనుకుని సింథటిక్ గౌను అల్లితే ఒళ్ళంతా చెమటకాయలు లేస్తాయి.

పోయిన వారం వాళ్ళు వేరే నంబరు నుంచి మెసేజ్ పెట్టారు, పేజీ కింద నేను రాసిన కామెంట్ తీసేస్తే 1,500 ఇస్తారట. తీయలేదు. స్క్రీన్‌షాట్లన్నీ దాచాను, ఈ నంబరు కూడా ఫిర్యాదుకి జత చేశాను.

అక్క టేబుల్ ఇంకా ఖాళీగానే ఉంది. పెద్దమ్మ చెప్పిన పిన్ని దగ్గర ఆర్డర్ ఇచ్చాం, నలుగురు కలిసి అల్లుతున్నారు, దసరాకి ఇస్తామన్నారు. మొన్న మొదటి పువ్వు ఫొటో పంపింది పిన్ని. నేనేమీ అడగకుండానే వెనక్కి తిప్పి తీసింది. మధ్యలో గుండ్రం పక్కన, ఇంకా దాచని దారం కొస అంగుళం పొడవున బయటికి వేలాడుతోంది.