ఛాత్రోపాధ్యాయులకు (శిక్షణలో ఉన్న టీచర్లకు) ఆన్‌లైన్ పరీక్ష తయారీ నేర్పడానికి, ఆన్‌లైన్ కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్ మూడుల్‌లోని క్విజ్ ఎలా ఉంది?

గూగుల్ ఫామ్స్ చేతికి త్వరగా అలవాటవుతుంది. కానీ ఎక్కువమంది తప్పిన ప్రశ్న ఏదో చెప్పి ఊరుకుంటుంది. ఆ ప్రశ్న బాగా చదివినవాళ్లనీ చదవనివాళ్లనీ వేరు చేసిందో లేదో చెప్పదు. పరీక్ష తయారీ నేర్పేవాళ్లకు కావలసింది అదే. అందుకే ఈ పనికి మూడుల్‌దే పైచేయి. సాఫ్ట్‌వేర్ ఉచితమే, సర్వర్ మాత్రం మనమే చూసుకోవాలి.

చాలా క్లాసులు దెబ్బతినేది రోల్స్ దగ్గర, అంటే కోర్సులో ఎవరికి ఏ హక్కులో తేల్చే హోదాల దగ్గర. స్టూడెంట్ రోల్‌కు క్విజ్ తయారుచేసే హక్కు ఉండదు కాబట్టి అందరినీ ఒకే కోర్సులో టీచర్లుగా చేర్చేస్తారు. ఒకరి క్విజ్ ఒకరు రాస్తారు, తీరా రిపోర్టు తెరిస్తే ఖాళీ! టీచర్ రాసింది ప్రివ్యూ కిందే లెక్క, గణాంకాల్లోకి రాదు. జట్టుకో కోర్సు ఇచ్చి, అందులో ఆ జట్టును టీచర్లుగా, మిగతా క్లాసును స్టూడెంట్లుగా చేర్చితే ఈ చిక్కు ఉండదు.

ప్రశ్న బ్యాంకులో జ్ఞానం, అవగాహన, వినియోగం అని కేటగిరీలు పెట్టిస్తే బ్లూప్రింట్ (దేనికి ఎన్ని ప్రశ్నలో చెప్పే ప్రణాళిక) కాగితానికే పరిమితం కాదు. ప్రశ్నలను పరీక్షించి చూసే ట్రైఅవుట్‌లో మాత్రం ఒక్కొక్కరికీ ఒక్కో ప్రశ్న తీసి ఇచ్చే ర్యాండమ్ ప్రశ్నలు వద్దు. ఒక్కో ప్రశ్న కొద్దిమందికే పడి లెక్కలు నిలబడవు.

ప్రశ్న రాసే ఫామ్ చాంతాడంత ఉంటుంది, కొత్తవాళ్లు బెదురుతారు. అసలు ప్రమాదం మార్కుల శాతాల్లో ఉంది. నాలుగు ఆప్షన్లలో రెండు సరైనవైతే చెరో 50% ఇచ్చి, తప్పువాటిని సున్నా దగ్గరే వదిలేస్తారు. అప్పుడు నాలుగూ టిక్ పెట్టినవాడికి పూర్తి మార్కులు! తప్పువాటికి -50% పెట్టాలి. ఇక ఆప్షన్ల వరుస మార్చేసే షఫుల్ ఆన్‌లో ఉంటే 'పైవన్నీ' ఆప్షన్ మొదటికి ఎక్కి కూర్చోవచ్చు.

జవాబు టైప్ చేయాల్సిన షార్ట్ ఆన్సర్ ప్రశ్న మరీ మొండిది. జవాబు 'కిరణజన్య సంయోగక్రియ' అని ఇస్తే, మధ్యలో ఖాళీ లేకుండా కలిపి రాసినవాళ్లకు సున్నాయే. 'కిరణజన్య*సంయోగ*క్రియ' అని నక్షత్రం గుర్తులతో ఇస్తే రెండు రూపాలూ చెల్లుతాయి.

ఈ శ్రమకంతా ఫలితం స్టాటిస్టిక్స్ రిపోర్టు. ఫెసిలిటీ ఇండెక్స్ (ఆ ప్రశ్నకు క్లాసు సగటున తెచ్చుకున్న మార్కుల శాతం) 35 నుంచి 64 మధ్య ఉంటే సగటు విద్యార్థికి సరిపడే కఠినత. బాగా చదివినవాళ్లనీ చదవనివాళ్లనీ ప్రశ్న ఎంత వేరు చేసిందో చెప్పే డిస్క్రిమినేషన్ 20 లోపుంటే ప్రశ్న చాలా బలహీనం. మైనస్‌లోకి పోతే ముందు కీ చూడండి, తప్పు ఆప్షన్‌కు 100% పడి ఉండొచ్చు. అయితే దాదాపు అందరూ సరిగ్గా రాసేసిన ప్రశ్నకు ఈ అంకె ఎలాగూ తక్కువే వస్తుంది, దాన్ని కొట్టేయనక్కర్లేదు. పదిహేనుమంది క్లాసులో ఒకరిద్దరి జవాబులే అంకెను తారుమారు చేస్తాయి, కాబట్టి ఆప్షన్లవారీగా ఎంతమంది ఏది ఎంచుకున్నారో కూడా చూడాలి. ఎవరూ ముట్టని డిస్ట్రాక్టర్ (తప్పు ఆప్షన్) అక్కడే దొరుకుతుంది.

ఒక్కరు రాసినా ఆ క్విజ్‌లో ప్రశ్నలు కలపడం, తీసేయడం కుదరదు. ప్రశ్నను సవరించడం మాత్రం కుదురుతుంది. 2022లో వచ్చిన మూడుల్ 4.0 నుంచి పాత వెర్షన్ కూడా నిలిచి ఉంటుంది కాబట్టి, రెండు వెర్షన్లూ పక్కపక్కన పెట్టి మార్పుకు కారణం రాయమనడమే మంచి అసైన్‌మెంట్.