కయాక్ తెడ్డు: గ్రీన్‌లాండ్ రకమా, యూరోపియన్ రకమా?

మొదటిసారి చేత్తో కయాక్ (సన్నని చిన్న పడవ) తెడ్డు చెక్కేవారికి గ్రీన్‌లాండ్ రకమే మేలని నా గట్టి అభిప్రాయం. అక్కడి ఇన్యూయిట్ వేటగాళ్లు ఒడ్డుకు కొట్టుకొచ్చిన కొయ్యతో చేసుకున్న తెడ్డు ఇది. కొలత మన ఒంట్లోనే ఉంది: పొడవు ఒక బార మీద ఒక మూర, రెక్క (నీటిని తోసే చదును భాగం) వెడల్పు చేతి పట్టుకు అందేంత, సుమారు 9 సెంటీమీటర్లు. ముడులు లేని రెడ్ సీడార్ చెక్క ఒకటి, రంపం, చిత్రిక చాలు. నడిమి గీత గీసి, రెండు వైపులా సమానంగా తీస్తూ పోవాలి. ఆఖర్న అవిసె నూనె పట్టించాలి.

యూరోపియన్ తెడ్డు రెక్క దాదాపు రెట్టింపు వెడల్పు, గరిటెలా వంపు. చెక్కలు జిగురుతో అతకాలి, బిగించి పట్టే క్లాంపులు కావాలి, ఆరేదాకా టెన్షన్. నదిలో చటుక్కున వేగం అందుకోవడానికి ఇదే మంచిది. సముద్రంలో గంటల తరబడి వెళ్లాలంటే మాత్రం సన్న రెక్కే భుజాలకు హాయి, ఎదురుగాలికీ తక్కువ చిక్కుతుంది.