వుడ్‌బర్న్ ట్యూలిప్ తోట: మబ్బు రోజే మేలు

ట్యూలిప్‌లు చూడాలంటే ఎండ కాసే శనివారమే వెళ్లాలని ఇక్కడ చాలామంది అంటారు. ఆరెగాన్ రాష్ట్రంలో వుడ్‌బర్న్ దగ్గరున్న వుడెన్ షూ ట్యూలిప్ ఫార్మ్ విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. మేం ఏప్రిల్‌లో మబ్బు పట్టిన ఓ బుధవారం పొద్దున్నే వెళ్లాం. ట్యూలిప్ రేకులు ఎండ వేడికి బాగా విచ్చుకుంటాయి, చల్లగా ఉంటే ముడుచుకుంటాయి. మధ్యాహ్నపు ఎండలో వెల్లకిలా తెరుచుకునే పువ్వు, చల్లటి పొద్దున దీపం ప్రమిదలా నిలబడి ఉంటుంది. ఫొటోల్లో రంగులు కూడా వెలవెలబోవు. ఒక్కటే లోటు, మౌంట్ హుడ్ కనబడలేదు. పూల వరసల వెనక ఆ మంచుకొండ ఉన్న ఫొటోలు చూపించి మామయ్యగారిని ఊరించి తీసుకెళ్లాను. ఆయన మాత్రం పార్కింగ్‌లో దిగిన దగ్గర్నుంచి "కొండేదమ్మా?" అని అడుగుతూనే ఉన్నారు.

ఇది ఐవర్సన్ కుటుంబం తోట. 1974లో ట్యూలిప్‌లు వేయడం మొదలుపెట్టి, 1985లో జనానికి గేట్లు తెరిచారట. సుమారు 40 ఎకరాల పూలు. మార్చి రెండో సగం నుంచి మే మొదటి రోజుల దాకా పండుగ నడుస్తుంది కానీ, పూలు క్యాలెండర్ చూసుకుని పూయవు కదా. ముందు పూసేవి, మధ్యలో పూసేవి, చివర్లో పూసేవి అని రకాలు కలిపి వేస్తారు కాబట్టి ఎప్పుడు వెళ్లినా ఏదో ఒక వైపు రంగు ఉంటుంది. పొలంలో పూలు ఏ దశలో ఉన్నాయో వాళ్లు ఆన్‌లైన్‌లో పెడుతుంటారు. అది చూసుకున్నాకే టికెట్ కొనండి. వారాంతాల్లో మాత్రం ముందే కొనుక్కోకపోతే టెన్షన్ తప్పదు. ఐ-5 హైవే మీద వుడ్‌బర్న్ ఎగ్జిట్ దగ్గర అవుట్‌లెట్ మాల్ కూడా ఉంది, శనివారం ఆ రద్దీ, ఈ రద్దీ కలుస్తాయి.

కొన్ని వరసల్లో తలలు తుంచేసిన మొక్కలు చూసి అత్తయ్యగారు అయ్యో అన్నారు. పువ్వు విత్తనం కట్టేలోపు తుంచేస్తే సత్తువంతా కింది దుంపకి పోతుంది. అమ్ముకునేది ఆ దుంపే. శరత్కాలంలో నాటితే, చలికాలమంతా చలి తిన్నాకే అది పువ్వు వేస్తుంది. "ఇన్ని పూలున్నా వాసనే లేదేమిటే?" అని ఆవిడ రెండో అనుమానం. నిజమే, చాలా ట్యూలిప్‌లకి వాసన అంతంతమాత్రం. కనకాంబరాలకీ లేదుగా అన్నాను. "వాటిని జడలో పెట్టుకోవచ్చు," అన్నారు.

బురద గురించి గట్టిగా చెప్పాలి. ఆరెగాన్ వసంతమంటే వానే. వరసల పక్కన దారి జారుతుంది. పిల్లలకి రెయిన్ బూట్లు వేస్తే చాలు, వాళ్లకి పూలకన్నా బురదగుంటలే ఎక్కువ నచ్చుతాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లయితే గేటుకి దగ్గర్లో ఉన్న వరసలు చూస్తే చాలనుకోండి, మనం ఒక రౌండ్ వేసి రావచ్చు. చెక్క బూట్లు చెక్కి చూపించే చోట మామయ్యగారు మౌంట్ హుడ్‌ని మర్చిపోయారు. తిండి విషయంలో శాకాహారులు పెద్దగా ఆశపడొద్దు. మేం కారు దగ్గర పులిహోర తిన్నాం. మాంసం తినేవాళ్లయితే వుడ్‌బర్న్ పాత టౌన్‌లో మెక్సికన్ హోటళ్లున్నాయి, తోటలో క్యూ కట్టేకన్నా అక్కడ తినడం నయం.

బసకి మేం హైవే పక్కన ఒక మోటెల్ తీసుకున్నాం. గది శుభ్రంగానే ఉంది కానీ రాత్రంతా లారీల మోత, పొద్దున టిఫిన్ అంటే చల్లారిన వాఫుల్. మళ్లీ వెళ్తే సిల్వర్టన్‌లో ఉంటాను. చిన్న ఊరు, ప్రశాంతం, పైగా సిల్వర్ ఫాల్స్ స్టేట్ పార్క్ దగ్గర. అక్కడి సౌత్ ఫాల్స్ 177 అడుగుల ఎత్తు నుంచి పడుతుంది, నీటి తెర వెనక నుంచి నడిచి వెళ్లొచ్చు. పది జలపాతాలూ చూడాలంటే 7.2 మైళ్ల నడక. పెద్దవాళ్లతో అయితే సౌత్ ఫాల్స్ ఒక్కటి చాలు. వానలు కురిసే ఏప్రిల్‌లో నీళ్లకి కొదవుండదు.

సియాటిల్ వైపు ఉన్నవాళ్లు స్కాజిట్ వ్యాలీ బాగుంటుందా, ఇది బాగుంటుందా అని అడుగుతుంటారు. అక్కడా 1984 నుంచి ట్యూలిప్ పండుగ చేస్తున్నారు, విస్తారం ఎక్కువ. కానీ తోటలు విడివిడిగా ఉంటాయి, దేని టికెట్ దానిదే, మధ్యలో కారు తియ్యాలి. ఫొటోల పిచ్చి ఉంటే అక్కడికి వెళ్లండి. పసిపిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే ఒక్కచోటే అన్నీ ఉండే వుడ్‌బర్న్‌కే నా ఓటు. ఏప్రిల్ కుదరకపోతే, మే రెండు మూడు వారాల్లో సేలం దగ్గర ష్రైనర్స్ ఐరిస్ గార్డెన్స్ ఉంది. అదీ కుటుంబం నడిపే తోటే, ఐరిస్ పూలు అప్పుడే పూస్తాయి, బురద బెడదా తక్కువ.